95 ఆక్టేన్ పోయిస్తే మైలేజీ పెరుగుతుందా?

ప్రశ్న: నాది 2019 మోడల్ స్విఫ్ట్, పెట్రోల్. ఖమ్మంలో ఉంటాం. నెలకు వెయ్యి కిలోమీటర్ల దాకా తిరుగుతాను, సగం ఊళ్లో, సగం హైవే మీద. ఇదివరకు లీటరుకు 17 వచ్చేది. ఇప్పుడు 16 దాటడం లేదు. బంకుకు వెళ్లినప్పుడల్లా అక్కడి కుర్రాడు "సార్, 95 పోయించుకోండి, పికప్ బాగుంటుంది, మైలేజీ కూడా పెరుగుతుంది" అంటున్నాడు. మామూలు పెట్రోల్ ₹108 అయితే అది ₹116. మా తోడల్లుడు ఒకసారి 95 పోయించి విజయవాడ వెళ్లొచ్చాడు. లీటరుకు 19 వచ్చిందని గట్టిగా చెబుతున్నాడు. డాలస్‌లో ఉండే మా తమ్ముడేమో "ఇక్కడ మామూలు పెట్రోల్ 87 అన్నయ్యా, మీకు 91 ఇస్తున్నారు, ఇంకేం కావాలి" అంటాడు. ఇంకో సంగతి. శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్‌లో టిక్ టిక్‌మని శబ్దం వచ్చింది. దానికైనా 95 పనిచేస్తుందా? ఎవరి మాట నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: మీ స్విఫ్ట్ ఇంజన్ 91 ఆక్టేన్ పెట్రోల్‌తో నడిచేలా తయారైంది. అందులో 95 పోయిస్తే ఇంజన్‌కు హాని ఏమీ లేదు, కానీ మీరు చెల్లించే ఆ ఎనిమిది రూపాయలకు సరిపడా మైలేజీ రాదు. ఘాట్ రోడ్డులో వచ్చిన శబ్దం విషయం వేరు, దానికి ఆక్టేన్‌తో నిజంగానే సంబంధం ఉంది. దాని గురించి తర్వాత చెబుతాను.

ఈ గందరగోళమంతా 95, 97, 100 అనే అంకెల వల్ల వచ్చింది. అంకె పెద్దదైతే పెట్రోల్‌లో బలం ఎక్కువని ఎవరికైనా అనిపిస్తుంది. "పవర్", "స్పీడ్" లాంటి పేర్లు కూడా ఆ అభిప్రాయాన్నే పెంచుతాయి. నిజానికి ఆక్టేన్ నంబరు పెట్రోల్‌లో ఎంత శక్తి ఉందో చెప్పదు. వేడికీ ఒత్తిడికీ లోనైనప్పుడు తనంతట తాను అంటుకోకుండా ఆ పెట్రోల్ ఎంతవరకు ఆగగలదో చెబుతుంది.

ఇంజన్ లోపల జరిగేది చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గాలి, పెట్రోల్ కలిసిన మిశ్రమం సిలిండర్‌లోకి వస్తుంది. పిస్టన్ పైకి లేస్తూ దాన్ని నొక్కుతుంది. మీ కారు లాంటి మామూలు ఇంజన్లలో ఆ మిశ్రమాన్ని 10, 11 వంతుల్లో ఒక వంతు జాగాలోకి కుదిస్తారు. నొక్కేకొద్దీ అది వేడెక్కుతుంది. పిస్టన్ పూర్తిగా పైకి చేరడానికి కాస్త ముందే స్పార్క్ ప్లగ్ నిప్పు రాజేస్తుంది. మంట ప్లగ్ దగ్గర మొదలై అంచుల దాకా పాకాలి. అలా పాకుతుండగా ఇంకా కాలని మిశ్రమం మూలల్లో మిగిలి ఉంటుంది. ఒకపక్క పిస్టన్ నొక్కుడు, మరోపక్క వచ్చే మంట ఒత్తిడి, రెండింటి మధ్యా అది విపరీతంగా వేడెక్కుతుంది. మంట తన దాకా రాకముందే అది భగ్గున అంటుకుంటే సిలిండర్‌లో ఒత్తిడి ఒక్కసారిగా ఎగసి లోహాన్ని కొడుతుంది. దాన్నే నాకింగ్ అంటారు. ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోల్ మంట వచ్చేదాకా ఆగుతుంది, తక్కువున్నది ఆగలేదు. తేడా అంతవరకే. కాలాక విడుదలయ్యే వేడి ఆక్టేన్ నంబరును బట్టి పెరగదు.

ఈ అంకెను కట్టే పద్ధతి కూడా చెబుతాను. ఐసో ఆక్టేన్ అనే ద్రవం నాకింగ్‌ను బాగా తట్టుకుంటుంది, దానికి 100 ఇచ్చారు. ఎన్-హెప్టేన్ అసలు తట్టుకోలేదు, దానికి 0. పరీక్ష కోసం ప్రత్యేకంగా తయారైన ఒంటి సిలిండర్ ఇంజన్ ఉంటుంది. అందులో మీ పెట్రోల్, 91 పాళ్లు ఐసో ఆక్టేన్, 9 పాళ్లు హెప్టేన్ కలిపిన మిశ్రమంతో సమానంగా నిలిస్తే అది 91 ఆక్టేన్. ఈ పరీక్షలో మైలేజీ ప్రస్తావన ఎక్కడా రాదు.

ఆక్టేన్ వేరు, మైలేజీ వేరు అనడానికి రుజువు మీరు రోజూ పోయించుకునే పెట్రోల్‌లోనే ఉంది. ఇప్పుడు మన బంకుల్లో దొరికే మామూలు పెట్రోల్ ఈ20, అంటే అందులో 20 శాతం ఇథనాల్. ఇథనాల్ ఆక్టేన్ నంబరు 100కు పైనే ఉంటుంది. అందుకే ఇథనాల్ కలిపాక మామూలు పెట్రోల్ ఆక్టేన్ 91 నుంచి 95 దాకా పెరిగిందని పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో ప్రకటించింది. మరి మైలేజీ పెరిగిందా? తగ్గింది. లీటరు పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే లీటరు ఇథనాల్‌లో 21 మాత్రమే ఉంటుంది, మూడో వంతు తక్కువ. నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన ఇథనాల్ ప్రణాళికలోనే, ఇథనాల్ లేని పెట్రోల్ కోసం రూపొంది ఈ10కు సర్దుబాటు చేసిన కార్లలో ఈ20 వాడితే మైలేజీ 6 నుంచి 7 శాతం, ఈ10 కోసం రూపొంది ఈ20కి సర్దుబాటు చేసిన వాటిలో 1 నుంచి 2 శాతం తగ్గవచ్చని రాశారు. ఆక్టేన్ పెరిగింది, మైలేజీ తగ్గింది, రెండూ ఒకే పెట్రోల్‌లో. బంకు కుర్రాడి మాట నిజమైతే ఇలా జరగకూడదు.

మీ కారు 17 నుంచి 16కు పడిందన్నారు, అంటే దాదాపు 6 శాతం. 2019 కారు ఈ20 కోసం సర్దుబాటు చేసినది కాదు. కాబట్టి ఆ తగ్గుదలలో కొంత, బహుశా చాలా భాగం, ఇథనాల్‌ది. మైలేజీ తగ్గిందన్న మీ మాట నిజమే, మీరు బండి నడిపే తీరులో లోపం లేకపోవచ్చు. ఈ విషయంలో వాహనదారుల అసంతృప్తి న్యాయమైనదే. లీటరుకు ఇచ్చే డబ్బు తగ్గకుండా లీటరులో ఉండే శక్తి తగ్గినప్పుడు ఆ సంగతి బంకు బోర్డు మీదే రాసి ఉండాలి. కానీ 95 పోయించడం దీనికి విరుగుడు కాదు. ప్రీమియం అనే పేరు చూసి ఇథనాల్ ఉండదని అనుకోవద్దు. 95 రకాల్లోనూ ఇథనాల్ కలుపుతారు. ఒకవేళ ఇథనాల్ చుక్క కూడా లేని పెట్రోల్ దొరికినా మీకు తిరిగి వచ్చేది ఆ ఆరేడు శాతమే. దానికి అంతకంటే ఎక్కువ ధర పెడితే నష్టమే.

ఇక్కడ డబ్బు లెక్క వేద్దాం. ₹108కి ₹8 ఎక్కువంటే ఏడున్నర శాతానికి కాస్త తక్కువ. ఆ డబ్బు తిరిగి రావాలంటే మీకు 16 బదులు కనీసం 17.2 రావాలి. నెలకు వెయ్యి కిలోమీటర్లంటే 62 లీటర్ల పైచిలుకు. నెలకు ₹500, ఏడాదికి ₹6000 అదనం. 100 ఆక్టేన్ అయితే లీటరు ₹160 పైమాటే. దానితో లాభం లేకపోయినా కనీసం నష్టం రాకుండా ఉండాలంటే మీ స్విఫ్ట్ 24 ఇవ్వాలి. ఏ పెట్రోల్ పోసినా ఆ ఇంజన్ అంత పెంచి ఇవ్వదు.

"ఇప్పటి కార్లలో కంప్యూటర్ ఉంటుంది కదా, మంచి పెట్రోల్ పోస్తే అదే సర్దుకుంటుంది" అని కొందరు మెకానిక్‌లు అంటారు. అందులో సగం నిజం ఉంది, ఆ సగమే జనాన్ని తప్పుదారి పట్టిస్తోంది. ఇంజన్ బ్లాక్‌కు నాక్ సెన్సర్ అనే చిన్న పరికరం బిగించి ఉంటుంది. నాకింగ్ అదురు దానికి తగలగానే ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే ఆ కంప్యూటర్, స్పార్క్‌ను కొద్ది డిగ్రీలు ఆలస్యం చేస్తుంది. నాకింగ్ ఆగిపోతుంది, దాంతోపాటు కొంచెం పవర్, కొంచెం మైలేజీ పోతాయి. అంటే ఇంజన్ అడిగినదాని కంటే తక్కువ ఆక్టేన్ పోస్తే నష్టం ఉంటుంది. అవతలి వైపు మాత్రం ఈ లెక్క సాగదు. 91తోనే స్పార్క్ సరైన సమయానికి పడుతున్నప్పుడు 95 పోస్తే ఈసీయూ ఇంకా ముందుకు జరపడానికి ఏమీ మిగలదు. స్పార్క్‌ను అంతకంటే ముందుకు జరిపితే, పైకి వచ్చే పిస్టన్‌ను మంట కిందికి తోస్తుంది, ఉన్న మైలేజీ కూడా తగ్గుతుంది. అందుకే కంపెనీ ఒక హద్దు పెడుతుంది.

ఈ హద్దు మార్చకుండా ఆక్టేన్ మాత్రమే మారిస్తే ఫలితం ఉండదనడానికి చరిత్రలో మంచి ఉదాహరణ ఉంది. 1940లో బ్రిటన్ వాయుసేన తన స్పిట్‌ఫైర్, హరికేన్ యుద్ధ విమానాలను 100 ఆక్టేన్ ఇంధనానికి మార్చింది. కానీ ఇంధనం మార్చి ఊరుకోలేదు. ఆ విమానాల మెర్లిన్ ఇంజన్లలోకి గాలిని నొక్కి పంపే సూపర్‌చార్జర్ ఒత్తిడిని 6 పౌండ్ల స్థాయి నుంచి 12కి పెంచుకునే ఏర్పాటు కూడా చేశారు. పవర్ వచ్చింది ఆ ఒత్తిడి వల్ల. ఆ ఒత్తిడిలో ఇంజన్ పగలకుండా కాపాడింది ఆక్టేన్. అంటే ఎక్కువ ఆక్టేన్‌ను వాడుకునేది ఇంజన్ రూపొందించే ఇంజనీరు. కుదింపు పెంచితే అదే పెట్రోల్‌తో ఎక్కువ పని రాబట్టవచ్చు, అలా పెంచాలంటే తట్టుకునే పెట్రోల్ కావాలి. ఇప్పటికే 91కి తయారైన ఇంజన్ కొనుక్కున్నవాళ్లకు ఆ లాభం అందదు.

ఆక్టేన్ కోసం ప్రపంచం చాలా పెద్ద మూల్యం చెల్లించిందని కూడా ఇక్కడ చెప్పాలి. 1921లో జనరల్ మోటార్స్‌లో పనిచేసే థామస్ మిడ్గ్లీ టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు రసాయనం పెట్రోల్‌లో కొద్దిగా కలిపితే నాకింగ్ ఆగుతుందని కనిపెట్టాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచమంతా సీసం కలిసిన పొగ పీల్చింది. అది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే విషం. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోల్ మాత్రమే అమ్ముతున్నారు. ప్రపంచంలో చివరిగా అల్జీరియా 2021లో ఆపింది. అంత చరిత్ర ఉన్న విషయాన్ని "పికప్ బాగుంటుంది సార్" అనే ఒక్క మాటతో అమ్మేయడం నాకు నచ్చదు.

ఇక మీ తమ్ముడి మాట. 87 కంటే 91 పెద్దదే, కానీ ఆయన చెప్పే 87, మన 91 ఒకే కొలతతో కొలిచినవి కావు. మన దగ్గర పంపు మీద రాసేది రీసెర్చ్ ఆక్టేన్ నంబరు, అంటే తక్కువ వేగంలో, తేలికపాటి పరిస్థితుల్లో కొలిచింది. ఇంకా గట్టి పరిస్థితుల్లో కొలిచే మోటార్ ఆక్టేన్ నంబరు అనేది ఇంకొకటి ఉంది, అది ఎప్పుడూ కొన్ని అంకెలు తక్కువే వస్తుంది. అమెరికాలో ఈ రెండింటి సగటును పంపు మీద రాస్తారు. కాబట్టి డాలస్‌లో 87 అన్నది మన లెక్కలో దాదాపు 91. అక్కడి 93 మన 97, 98కి దగ్గర. అంటే అక్కడి 87కీ మన 91కీ ఆక్టేన్‌లో తేడా దాదాపు లేదు. కొలరాడో లాంటి ఎత్తైన ప్రాంతాల్లో మామూలు పెట్రోల్ 85 మాత్రమే ఉంటుంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడి సిలిండర్‌లో ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి అక్కడ అలా అమ్ముతున్నారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా ఇదే ప్రశ్న అడుగుతుంటారు కాబట్టి అక్కడి సంగతి ఇంకో మాట. ఆ దేశపు వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2016లో మామూలు పెట్రోల్ సరిపోయే కార్లలో ప్రీమియం పోసి పరీక్షించింది. పవర్‌లో గానీ, మైలేజీలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఏడాదిలో జనం అనవసరంగా 210 కోట్ల డాలర్లు ప్రీమియం మీద పోస్తున్నారని లెక్క కట్టింది. 2017లో, ప్రీమియం "తప్పనిసరి" అని కాకుండా "మంచిది" అని కంపెనీ రాసిన కార్లలో పరీక్షించింది. వాటిలో మైలేజీ సగటున 2.7 శాతం పెరిగింది. ధరలో తేడా మాత్రం 20 శాతానికి పైనే. ఎక్కువ ఆక్టేన్‌ను వాడుకోగల ఇంజన్లలోనే ఫలితం ఇంత అయితే, మీ ఇంజన్‌లో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

మరి 95 ఎవరికి అవసరం? పెట్రోల్ మూత తెరిస్తే లోపలి వైపు స్టిక్కర్ ఉంటుంది, లేదా మాన్యువల్‌లో రాసి ఉంటుంది. అక్కడ 95 అని ఉంటే 95 పోయించాల్సిందే, అందులో బేరం లేదు. కొన్ని టర్బో పెట్రోల్ ఇంజన్లు, ఎక్కువ కుదింపు ఉన్న స్పోర్ట్స్ బైకులు, విదేశీ లగ్జరీ కార్లు ఈ కోవలోకి వస్తాయి. టర్బో గాలిని ముందే నొక్కి సిలిండర్‌లోకి పంపుతుంది కాబట్టి అక్కడ నాకింగ్ బెడద ఎక్కువ. 91 చాలు, 95 అయితే ఇంకా మంచిది అని రాసిన టర్బో కార్లలో, ఎండాకాలం, నిండా మనుషులతో, ఘాట్ రోడ్డు మీద వెళ్లేటప్పుడు 95తో బండి కాస్త హుషారుగా లాగడం నిజంగానే తెలుస్తుంది. అలాంటి ప్రయాణానికి ఒక ట్యాంకు పోయించుకుంటే నేను వద్దనను. అది పికప్ కోసం పెట్టే ఖర్చు. మైలేజీతో పూడుతుందని మాత్రం అనుకోకండి.

ప్రీమియం రకాల్లో ఇంజెక్టర్లను శుభ్రంగా ఉంచే రసాయనాలు కలుపుతారన్నది కూడా నిజమే. అది ఆక్టేన్‌తో సంబంధం లేని గుణం. టైముకు సర్వీసింగ్ చేయించే బండికి దాని అవసరం తక్కువ.

ఇప్పుడు శ్రీశైలం ఘాట్‌లో మీరు విన్న శబ్దం. గాజు సీసాలో గోళీలు వేసి కదిపినట్టు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వచ్చి, కాలు తీయగానే ఆగిపోతే అది నాకింగే. ఒక్కసారి గుర్తు చేసుకోండి. బండిలో ఐదుగురు, ఏసీ ఫుల్లు, ఎండ, మలుపు తిరిగాక వేగం ముప్పై దగ్గర ఉన్నా గేరు మార్చకుండా నాలుగో గేరులోనే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కారా? చాలామంది పెట్రోల్ ఆదా అవుతుందని పెద్ద గేరులోనే లాగిస్తారు. తక్కువ స్పీడులో ఎక్కువ బరువు పడితే మంట పాకడానికి ముందే మూలల్లోని మిశ్రమం అంటుకునే వ్యవధి దొరుకుతుంది. అప్పుడు చేయాల్సింది రెండో గేరో మూడో గేరో వేసి ఇంజన్‌ను తేలిగ్గా తిరగనివ్వడం. చాలా సందర్భాల్లో శబ్దం అక్కడికక్కడే పోతుంది.

గేరు దించినా, మైదాన ప్రాంతంలో కూడా శబ్దం వస్తుంటే పెట్రోల్ మార్చి దాన్ని కప్పిపుచ్చొద్దు. బండి షెడ్డుకు తీసుకెళ్లి స్పార్క్ ప్లగ్‌లు ఊడదీయించి చూడండి. మీ ఇంజన్‌కు చెప్పిన నంబరు ప్లగ్‌లేనా, వేరే రకం బిగించారా? రేడియేటర్‌లో కూలెంట్ సరిపడా ఉందా, మామూలు నీళ్లు పోసి వదిలేశారా? పిస్టన్ మీద కార్బన్ గట్టిగా పేరుకుంటే జాగా తగ్గి కుదింపు పెరుగుతుంది, ఆ కార్బన్ ఎర్రగా కాలి ముందే నిప్పు రాజేస్తుంది కూడా. ఇంకొకటి, పెట్రోల్ కల్తీ. కిరోసిన్ లాంటివి కలిస్తే ఆక్టేన్ బాగా పడిపోతుంది. ఏదైనా ఒక బంకులో పోయించాకే శబ్దం మొదలైతే అక్కడ పెట్రోల్ సాంద్రత (డెన్సిటీ) చూపించమని అడగండి. డెన్సిటీ కొలిచే హైడ్రోమీటర్, కల్తీ చూసే ఫిల్టర్ పేపర్ ప్రతి బంకులో ఉండాలి, అడిగే హక్కు మీకుంది.

మీ తోడల్లుడి 19 సంగతి. ఆయన అబద్ధం చెప్పారని నేననను. కానీ లెక్క చూడండి. ఖమ్మం నుంచి విజయవాడ వెళ్లి రావడం సుమారు 240 కిలోమీటర్లు. 19 వచ్చిందంటే పట్టిన పెట్రోల్ 12.6 లీటర్లు. తిరిగొచ్చి నింపేటప్పుడు నాజిల్ ఒక లీటరు ముందే ఆగి ఉంటే? అసలు వాడింది 13.6, మైలేజీ 17.6. కారు కాస్త పక్కకు ఒరిగి నిలబడినా, నాజిల్ లోపలికి ఎంత దూర్చారన్నదాన్ని బట్టీ ఆ లీటరు తేడా వస్తుంది. పైగా అది అంతా హైవే ప్రయాణం. మీ 16లో సగం ఖమ్మం ట్రాఫిక్ ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఇంకో సంగతి, ఖరీదైన పెట్రోల్ పోయించిన రోజున తెలియకుండానే కాలు కాస్త జాగ్రత్తగా తొక్కుతుంది. మైలేజీ చూస్తున్నామన్న ధ్యాస ఒక్కటి చాలు, ఒకటి రెండు కిలోమీటర్లు పెరగడానికి.

మీరే పరీక్ష చేసుకోవాలనుకుంటే ఇలా చేయండి. ఒకే బంకు, ఒకే పంపు, బండి ఒకే చోట నిలపండి. నాజిల్ తనంతట తాను ఆగిన మొదటిసారికే చాలించండి. రౌండ్ ఫిగర్ కోసమని ఇంకో డెబ్బై రూపాయలు పోయించొద్దు, అక్కడే లెక్క తప్పుతుంది. ట్రిప్ మీటర్ సున్నా చేసి, ట్యాంకు మూడు వంతులు అయ్యేదాకా తిప్పి మళ్లీ అలాగే నింపండి. మామూలు పెట్రోల్‌తో మూడు ట్యాంకులు, 95తో మూడు ట్యాంకులు. 95 మొదటి ట్యాంకులో పాత పెట్రోల్ కొంత కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని లెక్కలో వేయకండి. డ్యాష్‌బోర్డు మీద కనిపించే మైలేజీ అంకెను నమ్మొద్దు, లీటర్ల బిల్లు దాచుకోండి.

అయితే ఈ పరీక్షకు ముందు చేయాల్సిన పని ఒకటుంది. టైర్లలో గాలి ఎప్పుడు కొట్టించారు? డ్రైవర్ తలుపు తీస్తే పక్కన ఎంత ఉండాలో స్టిక్కర్ ఉంటుంది. ఉదయాన్నే, బండి ఎక్కువ దూరం నడవకముందే, బంకులో ఉచితంగా కొట్టించుకోండి. గాలి సరిగ్గా ఉంటే మూడు శాతం దాకా కలిసొస్తుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. 95తో మీరు వెతుకుతున్న లాభంలో దాదాపు సగం అక్కడే ఉంది, పైసా ఖర్చు లేకుండా. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. చక్రం ఎత్తి చేత్తో తిప్పి చూడమనండి, బ్రేకు పట్టేస్తుంటే ఎన్ని లీటర్లు తాగుతుందో చెప్పలేం. హైవే మీద 110లో వెళ్లే అలవాటుంటే 80, 90కి దించండి. 80లో కంటే 110లో గాలి అడ్డుకునే బలం దాదాపు రెట్టింపు. ఎగదొక్కుతూ, గట్టిగా బ్రేకులు కొడుతూ నడిపితే హైవేలో 15 నుంచి 30 శాతం, ఊళ్లో 10 నుంచి 40 శాతం దాకా మైలేజీ పోతుందని అదే శాఖ అంచనా. ఏ నంబరు పెట్రోల్ పోసినా అంత తేడా రాదు.

చివరిగా ఒక హెచ్చరిక, మీరు అడగకపోయినా. మైలేజీ కోసం ట్యాంకులో కలరా ఉండలు వేయమని సలహా ఇచ్చేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాటిలోని నాఫ్తలిన్ పెట్రోల్‌లో కరుగుతుంది. కానీ పెట్రోల్ ఆవిరైన చోటల్లా మళ్లీ గట్టిపడి ఇంజెక్టర్ రంధ్రాల్లో పేరుకుంటుంది. కార్బ్యురేటర్ కాలం నాటి స్కూటర్లకే అది మంచిది కాదు, మీ స్విఫ్ట్‌లో వేస్తే ఇంజెక్టర్లు మార్చే ఖర్చు మీద పడుతుంది. సీసాల్లో అమ్మే ఆక్టేన్ బూస్టర్లు కూడా మీ ఇంజన్‌కు అనవసరం.

ముందు టైర్లు, ఫిల్టర్, ప్లగ్‌లు, బ్రేకులు చూపించండి. ఆ తర్వాత పైన చెప్పినట్టు ట్యాంకుల లెక్క రాసుకోండి. మామూలు పెట్రోల్‌తో వచ్చిన సగటు కంటే 95తో వచ్చినది ఏడున్నర శాతం పైన ఉంటే నిశ్చింతగా 95 పోయించుకోండి. ఆ అంకెలు మాకు కూడా రాసి పంపండి, మీ తోడల్లుడి కారు లెక్కలతో సహా.